డెబ్బై అయిదు అంగుళాల్లో పాప ముఖం

నాకు అసహ్యం ఎక్కువ. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది గానీ, మా ఆయన పెళ్ళయిన మూడో రోజే కనిపెట్టేశారు. ఎంగిలి గ్లాసుని రెండు వేళ్ళతో పట్టుకుని సింకులో పడేస్తాను. బస్సులో పక్కావిడ తుమ్మిందంటే ఇంటికొచ్చి తలంటు పోసుకుంటాను. అలాంటిదాన్ని, కరోనా వచ్చిన ఏడాది ఎంత హాయిగా ఉన్నానో చెప్తే నాకే పాపం తగులుతుంది. అందరూ మాస్కులు కట్టుకున్నారు. ఎవరూ చేయి కలపడం లేదు. లిఫ్టులో ఒక్కరే ఎక్కుతున్నారు. లోకం మొత్తానికి చివరికి బుద్ధొచ్చిందనుకున్నాను.

మేం జార్‌బ్రూకెన్ అనే ఈ జర్మనీ ఊరికి వచ్చి ముప్ఫై రెండేళ్ళు. మా ఆయన దశరథ్ గేర్‌బాక్సుల ఇంజనీరుగా చేసి ఆ ఏడాదే రిటైరయ్యారు. నేను, హైమావతిని, ఒక పళ్ళ డాక్టరు దగ్గర టెర్మిన్‌లు అనే అపాయింటుమెంట్లు రాసే పని చేస్తాను. నోళ్ళు తెరిచే గదిలోకి మాత్రం ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. మాకు ఒక్కతే కూతురు, ఈషా. ఇల్మెనౌలో ఉంటుంది, రైల్లో ఆరు గంటల దూరం. అల్లుడు ధీరజ్ అక్కడే చదువుకుని అక్కడే ఉద్యోగంలో కుదురుకున్నాడు.

ఆ శీతాకాలం మొదట్లో ఈషాకి ఏడో నెల. అంతకు ముందు ఏడాది ఒకటి నాలుగో నెలలో పోయింది. అందుకని ఈసారి ఇంట్లో ఎవరమూ గట్టిగా సంతోషపడ్డం కూడా లేదు. ఉయ్యాల కొనలేదు, పేర్లు అనుకోలేదు. ఫోన్ మోగితే చాలు, ఎత్తే ముందు దేవుడికో దణ్ణం పెట్టుకునేదాన్ని.

సరిగ్గా అప్పుడే మా ఆయన టీవీ కొన్నారు. డెబ్బై అయిదు అంగుళాలు. మాస్కులు కట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళు తెచ్చి గుమ్మం దగ్గర దింపి, బెల్లు కొట్టి పారిపోయారు. షాపులో నమూనాకి పెట్టిన టీవీ అట. వసంతంలో షాపులు మూసేసినప్పుడు దాన్ని ఆపడం మర్చిపోయారట. రెండు నెలలు ఖాళీ షాపులో, చీకట్లో, చూసే దిక్కు లేకుండా ఆడుతూనే ఉందట. "అయినా ఒక్క గీత కూడా పడలేదు చూడు," అని మురిసిపోయారు ఈయన.

మొదటి సాయంత్రం వార్తలు పెట్టారు. నేను ఉప్మా ప్లేటు పట్టుకుని కూర్చున్నాను. వార్తలు చదివే ఆవిడ ముఖం మా హాలు కిటికీ అంత ఉంది. రోజూ చూసే మనిషే, చక్కటి మనిషే. కానీ ఆ రోజు ఆవిడ బుగ్గ మీద ప్రతి రంధ్రమూ కనిపించింది. ఒక్కో రంధ్రంలో పౌడరు చెమటకి తడిసి ముద్ద కట్టింది. పై పెదవి మీద గీసేసిన చోట మళ్ళీ మొలుస్తున్న నూగు. మాట్లాడుతుంటే నోటి మూలల్లో తెల్లటి నురగ... రెండు పెదాల మధ్య సన్నగా సాగి, తెగి, మళ్ళీ సాగింది. నేను ఉప్మా ప్లేటు కింద పెట్టేశాను.

"ఛీ! ఆపండి దాన్ని!"

"ఏం క్లారిటీ హైమా! మనిషి మన గదిలోకొచ్చి కూర్చున్నట్టు లేదూ?"

"నేననేదీ అదే. రమ్మన్నదెవరు?"

మర్నాడు పాత పురాణం సీరియల్. ఋషి గడ్డానికి అంటించిన జిగురు ఎండి పొట్టు లేస్తోంది. దేవుడి ముక్కు మీద నల్ల చుక్కలు. కిరీటం అంచు కింద చెమటకాయలు చితికి నీరు కారుతోంది. దణ్ణం పెట్టుకోబోయిన చేతుల్తోనే కళ్ళు మూసుకున్నాను. కాసేపయ్యాక నాకో అనుమానం వచ్చింది. ఆ సీరియల్ తీసి పాతికేళ్ళయింది. మా పాత టీవీలో దేవుడికి ముక్కుందో లేదో కూడా సరిగ్గా తెలిసేది కాదు.

"మరి ఇంత వివరం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?"

"బొమ్మ మసగ్గా వచ్చినా మిగతాది టీవీయే నింపుకుంటుంది."

"ఎక్కణ్ణుంచి తెచ్చి నింపుతుంది?"

"అదేమన్నా కొత్తిమీరా, ఎక్కణ్ణుంచో తేవడానికి? లెక్క కట్టుకుంటుందంతే," అని విసుక్కున్నారు.

ఆ ఆదివారం ఆయనకి ఇంకో సరదా పుట్టింది. మా పెళ్ళి ఆల్బంలో మా అత్తగారు ఆదిలక్ష్మిగారి ఫోటో ఒకటి ఉంది. ఆవిడ పోయి పద్దెనిమిదేళ్ళు. పందిట్లో దూరం నుంచి తీసిన ఫోటో, ముఖం బొటనవేలు గోరంత. దాన్ని ఫోన్‌తో తీసి టీవీలో పెట్టారు. మొదట మసగ్గా వచ్చింది. చూస్తుండగానే ముఖం తేలింది. కంటి మూలల పుసి, చెవిలో గుబిలి, ముందు పళ్ళ మధ్య ఇరుక్కున్న కందిపప్పు బద్ద, తాంబూలం ఎరుపు ఎండి పగిలిన పెదాలు. నేను ముఖం తిప్పుకున్నాను. ఆయనకి మాత్రం కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అమ్మ అచ్చం ఇలాగే ఉండేది హైమా," అంటూ అరగంట సేపు అలా చూస్తూనే కూర్చున్నారు. కన్నతల్లి కదా అని, నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

డిసెంబరు మొదట్లో ఒక గురువారం ఈషాకి స్కానింగ్. భర్తల్ని లోపలికి రానివ్వని రోజులవి. ధీరజ్ బయట పార్కింగ్‌లో చలికి వణుకుతూ నిలబడితే, ఈషా డాక్టరుని అడిగి స్కాన్ తెరని ఫోన్‌లో వీడియో తీసుకుంది. ఇండియాలో అయితే ఆడో మగో నోరు విప్పరు. ఇక్కడ డాక్టరమ్మ నవ్వుతూ చెప్పేసింది, ఆడపిల్ల అని. ఇక నా ఆశ చూడండి. ఆడపిల్ల అని తెలిస్తే చాలలేదు, ఎవరి పోలికో తెలియాలి. మనవాళ్ళం అంతే. పురిటి గదిలోకి వెళ్ళగానే బాలింత ఎలా ఉందని కూడా అడగం, పిల్ల ముఖం మీదికి వంగి ముక్కు ఎవరిది, నుదురు ఎవరిదని పంచుకోవడం మొదలెడతాం. నేనేమో పిల్ల పుట్టక ముందే పంచుకోవాలని చూశాను.

ఈషా పంపిన వీడియో నలభై సెకన్లు. ఫోన్‌లో చూస్తే అంతా బూడిద రంగు పొగమంచు. అందులో బఠాణీ గింజంత ముక్కు, ఉందంటే ఉంది, లేదంటే లేదు.

"టీవీలో పెట్టండి," అన్నాను. ఆయన కాదు, నేనే అన్నాను.

సాయంత్రం నాలుగున్నరకే బయట చీకటి పడింది. ఎదురింటి బాల్కనీలో క్రిస్మస్ దీపాలు వెలిగాయి. ఈషా ఫోన్ స్పీకర్‌లో ఉంది. "వచ్చిందా అమ్మా? పెద్దగా కనిపిస్తోందా?" అని ఆత్రంగా అడుగుతోంది. టీవీలో ముందు అదే పొగమంచు, గోడంత పొగమంచు. తరవాత ఆ మంచు గడ్డకట్టడం మొదలైంది.

నుదురు వచ్చింది. బూడిద రంగు పోయి, తడిసిన మాంసం రంగు వచ్చింది. చర్మం మీద తెల్లటి జిడ్డు పూత, దాని కింద ముడతలు. ముడతల్లో సన్నటి నూగు, ఒక్కో వెంట్రుకా వేరువేరుగా. ముక్కు మీద తెల్లటి పొక్కులు. రంధ్రాలు... ఒక్కో రంధ్రమూ మెల్లగా తెరుచుకుని, మూసుకుంటోంది. పెదాలు రెండూ చిక్కటి జిగురుతో అంటుకుపోయి ఉన్నాయి. ఎనిమిదో నెల పిల్లకి ఉండాల్సిన ముఖం కాదది. ఎంతకాలం నుంచో నీళ్ళల్లో నాని, నాని, ఉబ్బిపోయిన ముఖం.

"అబ్బ! ఏం క్లారిటీ!" అన్నారు మా ఆయన.

నేను కింద టైము గీత చూశాను. నలభై సెకన్లు అయిపోయాయి. గీత చివరిదాకా వెళ్ళి ఆగింది.

ముఖం ఆగలేదు.

రెప్పల మధ్య జిగురు సాగింది... సాగి తెగింది. కళ్ళు తెరుచుకున్నాయి. నల్లగుడ్డు లేదు, తెల్లగుడ్డు లేదు, అంతా ఒకటే తడి. ముందు ఆయన వైపు తిరిగాయి. తరవాత... నా వైపు.

"అమ్మా, చెప్పవే. ఎవరి పోలిక?" ఫోన్‌లో ఈషా.

నా నోట్లోకి చేదు వచ్చేసింది. అరచెయ్యి అడ్డం పెట్టుకుని మింగాను. ఒకదాన్ని పోగొట్టుకున్న పిల్ల అది, దానితో ఏమని చెప్పను?

"నీ పోలికే తల్లీ," అన్నాను.

గోడ దగ్గరికి పరిగెత్తి తీగ పీకేశాను. టీవీ నల్లబడింది. ఆ నలుపులో కళ్ళు మాత్రం ఇంకాసేపు ఉన్నాయి.

"అదేం పనే! ఇంకా చూస్తున్నాను కదా!" అని ఈయన అరిచారు. ఆయనకి కళ్ళు తెరవడం కనిపించింది, వీడియో అయిపోవడం కనిపించలేదట. ఆ ముఖంలో అసహ్యం ఏముందో ఆయనకి అసలే అర్థం కాలేదు. మనవరాలు కదా అంటారు!

నేను వంటింట్లోకి వెళ్ళి గుప్పెడు ఉప్పు, ఆవాలు, ఏడు ఎండుమిరపకాయలు తెచ్చాను. ఈషా దగ్గరికి వెళ్ళే దారి లేదు కాబట్టి, ఆ నల్లటి టీవీ చుట్టూనే మూడుసార్లు తిప్పాను. ఇంట్లో కాలిస్తే పొగ అలారం మోగి కింద ఇంటివాళ్ళు పైకొస్తారు. అందుకని బాల్కనీలో గ్రిల్ మీద వేశాను. మిరపకాయలు నల్లగా కాలాయి, చిటపటలాడాయి. ఘాటు మాత్రం రాలేదు. ముఖం దగ్గరగా పెట్టి పీల్చాను. ఒక్క తుమ్మైనా రాలేదు. ఘాటు రాలేదంటే దిష్టి గట్టిదని మా అమ్మ అనేది. ఆ రోజుల్లో వాసన తెలియలేదంటే ఇంకో అర్థం కూడా ఉంది. పరిగెత్తుకుని వెళ్ళి టెస్టు చేయించుకున్నాను. రెండు రోజులకి కరోనా లేదని వచ్చింది. ఈలోగా కాఫీ వాసన నాకు శుభ్రంగా తెలుస్తూనే ఉంది.

ఆ వారంలోనే దుమ్ము దులుపుతూ పెళ్ళి ఆల్బం తీశాను. మా అత్తగారి ఫోటో దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడ పట్టుచీర అంచు ఉంది, తలలో పూలు ఉన్నాయి, చెవుల దుద్దులు ఉన్నాయి. దుద్దుల మధ్య ఏమీ లేదు. చిరిగిపోలేదు, వెలిసిపోలేదు. చర్మం రంగు అలాగే ఉంది. కళ్ళూ ముక్కూ నోరూ మాత్రం లేవు.

ఈయనకి చూపించాను. "చెమ్మ పట్టుంటుంది," అన్నారు. తరవాత తాపీగా, "పోతే పోయిందిలే, టీవీలో ఉందిగా," అన్నారు.

అది ఎక్కణ్ణుంచి తెచ్చి నింపుతోందో నాకు అప్పుడు తెలిసింది. పైకి అంటే నిజమైపోతుందని భయం వేసి, ఎవరితోనూ అనలేదు. ఆయన ఫోన్ లాక్కుని స్కాన్ వీడియో తుడిచేశాను. టీవీని ఇంట్లోంచి పంపించేయమని పోట్లాడాను. ఇక్కడ అంత పెద్ద సామాను రోడ్డు మీద పడేస్తే ఊరుకోరు. పాత సామాను బండి వాళ్ళ టెర్మిన్ తీసుకోవాలి. కరోనా వల్ల ఆ టెర్మిన్ ఫిబ్రవరి ఆఖరికి గానీ దొరకలేదు. అందాకా దాన్ని గోడవైపు తిప్పించి, పాత దుప్పటి కప్పాను. హాల్లో నడిచినప్పుడల్లా దుప్పటి లోపల ఏదో తడిగా ఉన్నట్టు అనిపించేది. ముట్టుకుని చూడలేదు.

డిసెంబరు ఆఖర్న ఈషాకి ఇంకో స్కానింగ్. "గుండె బాగా కొట్టుకుంటోందట అమ్మా. చేతులు, కాళ్ళు అన్నీ బాగున్నాయట," అని చెప్పింది. "ముఖం ఒక్కటే సరిగ్గా రావట్లేదట. అటు తిరిగి పడుకుందేమో అంది డాక్టర్."

నేను ఫోన్ పెట్టేశాను. నా కక్కుర్తి వల్లే, నా కక్కుర్తి వల్లే అని తల కొట్టుకున్నాను.

జనవరి మూడో వారంలో ఈషా ప్రసవించింది. మూడు కేజీల ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం అన్నాడు ధీరజ్. అయిదు రోజులైనా ఒక్క ఫోటో పంపలేదు. అడిగితే, "సరిగ్గా రావట్లేదు అత్తయ్యా, ఫోన్ ఏదో ప్రాబ్లం," అంటాడు. అప్పట్లో ఒక ఇంటికి బయటివాళ్ళు ఒక్కరే వెళ్ళాలని నియమం. కాబట్టి నేనే బయల్దేరాను. బయల్దేరే ముందు ఈయన చెయ్యి నా నెత్తి మీద పెట్టించుకుని, టీవీ జోలికి వెళ్ళనని ఒట్టు వేయించుకున్నాను.

ఇల్మెనౌలో మోకాలి లోతు మంచు. స్టేషన్‌కి వచ్చిన ధీరజ్ నా పెట్టె అందుకుని ముందు నడిచాడు. నేను అడిగినవాటికి "ఆ", "లేదు" తప్ప ఏమీ లేదు. ఇంట్లో పట్టపగలు మూడు గంటలకి కర్టెన్లన్నీ వేసి ఉన్నాయి. పాలవాసన, బాలింత వాసన, ఉతకని బట్టల వాసన. మామూలుగా అయితే నేను ఆ వాసనకి కిటికీలు బార్లా తెరిచేసేదాన్ని. ఆ రోజు ఆ ఊసే గుర్తు రాలేదు. ఈషా మంచం మీద పాపని గుండెకి ఆనించుకుని కూర్చుంది. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి.

"ఇటివ్వు తల్లీ," అన్నాను.

పాపని ఒళ్ళోకి తీసుకున్నాను. వెచ్చగా, బరువుగా ఉంది. చిట్టి వేళ్ళు, వాటికి గోళ్ళు, అన్నీ ముద్దొస్తున్నాయి. సన్నగా ఏడుస్తోంది. ముఖం చూద్దామని వంగాను. మాస్కు వల్ల కళ్ళద్దాలకి ఆవిరి పట్టినట్టుంది, ఏమీ తెలియలేదు. అద్దాలు చీర కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూశాను. మాస్కు తీసేశాను. అద్దాలు కూడా తీసేసి, నా ముక్కు తగిలేంత దగ్గరగా వంగాను.

టోపీ అంచు దారాలు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. చెవి కనిపిస్తోంది. టోపీకీ గడ్డానికీ మధ్య... మసక.

ఈషా నా ముఖంలోకే చూస్తోంది.

"నీక్కూడా అలాగే ఉందా అమ్మా?" అంది గొణుగుతున్నట్టు. "నా కళ్ళే పాడయ్యాయనుకున్నాను. ధీరజ్ కూడా తన కళ్ళే అనుకుంటున్నాడు. మేం ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు..."

నేను జవాబు చెప్పేలోపు నా ఫోన్ మోగింది. మా ఆయన.

"హైమా! ఎప్పుడు పంపావు? ఎంత బాగుందో! కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు!"

నేనేమీ పంపలేదు. నా ఫోన్ రైలు దిగినప్పటి నుంచి సంచిలోనే ఉంది.

"టీవీ ఎందుకు పెట్టారు?" అన్నాను.

"నేను పెట్టలేదే. దుప్పటి వెనకాల వెలుతురు కనిపిస్తే తీసి, ఇటు తిప్పి చూశాను. పాప వచ్చింది! ఇందాకటి కన్నా ఇప్పుడు ఇంకా బాగా వస్తోంది. కనుబొమలు కూడా వచ్చేశాయి."

ఒళ్ళోకి చూశాను. మసకలో అంతదాకా లీలగా ఉన్న రెండు గీతలు... లేవు.

"ఏమండీ, చూడకండి," అన్నాను. "మీకు దణ్ణం పెడతాను. కళ్ళు మూసుకోండి. మూసుకుని బయటికి వెళ్ళిపోండి. నా మాట వినండి!"

"అమ్మా, ఏమైంది? డాడీ ఏం చూస్తున్నారు?" ఈషా మంచం దిగబోయింది.

"ఉండవే, నీ కంగారూ నువ్వూనూ. పుట్టినప్పటి నుంచి ఇప్పుడేగా చూడ్డం." ఆయన గొంతులో ఎంత సంతోషమో. కళ్ళు తుడుచుకుంటున్నట్టున్నారు. "ముక్కు పుటాలు కదులుతున్నాయి. నా వైపే చూస్తోంది హైమా..."

"కళ్ళు మూసుకోండి!" అని అరిచాను. గుమ్మంలోకి ధీరజ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఒక్క నిమిషం... ఒక్క నిమిషం. ఇదిగో, నోరు తెరుస్తోంది."

నా ఒళ్ళో పాప ఏడుపు ఆగిపోయింది. కాళ్ళు తన్నుకుంటోంది, పొట్ట ఎగిరెగిరి పడుతోంది. చూపుడువేలితో నోటి కోసం వెతికాను. వేలు ఈ బుగ్గ మీద నుంచి ఆ బుగ్గ మీదికి జారింది. మధ్యలో ఏమీ తగల్లేదు.